ఐఎస్ఓ లోపల ఒక్క మాట మార్చాలి, సుడో పెట్టినా రీడ్ ఓన్లీ అంటోంది

ల్యాబ్_మాస్టారు
పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ ల్యాబ్ నా నెత్తిన ఉంది. 32 మెషీన్లు, అన్నిటికీ ఒకే కాలం నాటి పాత గ్రాఫిక్ కార్డులు. ఉబుంటు 24.04 డెస్క్‌టాప్ పెన్‌డ్రైవ్ పెడితే మెనూ వరకు బాగానే వస్తోంది, ఆ తర్వాత నల్ల స్క్రీన్. మెనూలో ‘ఈ’ నొక్కి, కెర్నల్ లైన్లో నోమోడ్‌సెట్ (గ్రాఫిక్స్ మోడ్ మార్చొద్దని కెర్నల్‌కి చెప్పే మాట) అని టైపు చేస్తే లేస్తోంది. 32 సార్లు వంగి ఆ ముక్క కొట్టడం నా నడుము వల్ల కాదు. ఇన్‌స్టాల్ డిస్క్ మొత్తం ఒకే ఫైలుగా ఉండే ఐఎస్ఓలో గ్రబ్.సీఎఫ్‌జీ అని బూట్ మెనూ ఫైలు ఉంది, అందులోనే ఆ మాట పెట్టేద్దామని మొదలెట్టాను.

ఐఎస్ఓని ఫోల్డర్‌లా మౌంట్ చేశాను, ఆ ఫైలుని నానో ఎడిటర్లో తెరిచాను, సేవ్ అంటే రీడ్ ఓన్లీ. సుడోతో, అంటే అడ్మిన్ హక్కులతో కొట్టినా అదే. సీహెచ్‌మోడ్ 777 కొట్టి అన్ని పర్మిషన్లూ ఇచ్చినా అదే. మౌంట్ చేసేటప్పుడే ఆర్‌డబ్ల్యూ అని ఇస్తే, ఇది రైట్ ప్రొటెక్టెడ్, రీడ్ ఓన్లీగానే మౌంట్ చేస్తున్నా అని వార్నింగ్. నా సిస్టమ్‌లో నేనే రూట్ కదా, నన్ను ఆపేదెవరు?

సరే అని అన్నీ ఒక ఫోల్డర్లోకి కాపీ చేసి, ఫైలు మార్చి, ఎక్కడో చూసిన జెన్ఐసోఇమేజ్ కమాండ్‌తో మళ్లీ ఐఎస్ఓ కట్టాను. ‘ఊ ఓ, బూట్ ఇమేజ్ కనబడట్లేదు’ అని ఏడ్చింది. ఆ ఆప్షన్ తీసేసి కొడితే ఐఎస్ఓ తయారైంది. పెన్‌డ్రైవ్‌కి ఎక్కించి పెడితే ‘నో బూటబుల్ డివైస్’. మూడు సాయంత్రాలు పోయాయి.

ఉప్మా_యూఎస్‌బీ
విండోస్‌లో అల్ట్రాఐఎస్ఓ పెట్టి లాగి పడెయ్యండి. ఐదు నిమిషాలు.

టెర్మినల్_తాత
ఉప్మా, లైనక్స్ గదిలోకి వచ్చి విండోస్ పెట్టమంటావా. నిన్ను అడిగారా?

మాస్టారూ, మిమ్మల్ని ఆపేది పర్మిషన్ కాదు. ఆ ఫైల్‌సిస్టమ్‌కి రాయించుకోవడమే రాదు. ఐఎస్ఓ 9660 అనేది 1980లలో సీడీల కోసం చేసింది. ఒకసారి కాల్చాక మళ్లీ మార్చేది లేదు కాబట్టి ఫైళ్లను ఒకదాని వెనక ఒకటి ఖాళీ లేకుండా పేర్చేస్తుంది. లైనక్స్ కెర్నల్లో దానికున్న డ్రైవర్‌కి చదవడం ఒక్కటే నేర్పారు. శిలాశాసనం మీద రబ్బరు పెట్టి రుద్దితే, రుద్దేది రాజుగారైనా చెరగదు.

రూట్_రాంబాబు
అసలు ఫైలు మార్చాల్సిన పనేంటి? మెనూలో రెండో లైనే సేఫ్ గ్రాఫిక్స్. అది నొక్కితే నోమోడ్‌సెట్ అదే వేసుకుంటుంది. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు మాస్టారూ.

ల్యాబ్_మాస్టారు
అదీ అయింది రాంబాబు గారూ. ఒక మెషీన్లో సేఫ్ గ్రాఫిక్స్‌తోనే ఇన్‌స్టాల్ చేశాను. బ్రహ్మాండంగా పూర్తయింది. రీస్టార్ట్ చేస్తే మళ్లీ నల్ల స్క్రీన్. అంటే ఇన్‌స్టాల్ అయినదాంట్లో కూడా మళ్లీ విడిగా పెట్టుకోవాలి. ఒక్కో మెషీన్‌కి రెండుసార్లు వంగాలి, 64.

రూట్_రాంబాబు
ఓ. వెనక్కి తీసుకున్నా.

సిద్దిపేట_సర్వర్
ఆ రెండో నల్ల స్క్రీన్‌కి కారణం ఆ లైన్లోనే ఉంది. గ్రబ్.సీఎఫ్‌జీలో కెర్నల్ లైన్ చూడండి, మధ్యలో వరుసగా మూడు అడ్డగీతలు ఉంటాయి. గీతలకు ముందు రాసింది ఇన్‌స్టాల్ జరిగేటప్పుడు మాత్రమే పనిచేస్తుంది. గీతల తర్వాత రాసింది ఇన్‌స్టాల్ అయిన సిస్టమ్‌కి కూడా వెంట వెళ్తుంది. సేఫ్ గ్రాఫిక్స్ ఎంట్రీలో నోమోడ్‌సెట్ గీతలకు ముందు ఉంటుంది. మీరు దాన్ని గీతల తర్వాత, క్వయట్ స్ప్లాష్ పక్కన పెట్టండి. వంగే పని రెండుసార్లూ తప్పుతుంది.

ఇక మీరు కట్టిన ఐఎస్ఓ ఎందుకు లేవలేదంటే, మీకు దొరికిన కమాండ్ ఐసోలినక్స్ అనే పాత బూట్ ప్రోగ్రామ్ కాలం నాటిది. ఉబుంటు 20.10 నుంచి ఐఎస్ఓలో ఐసోలినక్స్ లేదు, పాత మెషీన్ల బయోస్‌కైనా కొత్తవాటి యూఈఎఫ్ఐకైనా గ్రబ్బే. లేని ఫైలు వెతకమంటే ఊ ఓ అనక ఏమంటుంది. ఆప్షన్ తీసేశారు కాబట్టి బూట్ సమాచారమే లేని ఉత్త డేటా డిస్క్ తయారైంది.

అసలు తిరకాసు ఇంకొకటి ఉంది. ఐఎస్ఓలో బూట్‌కి కావలసినవన్నీ ఫైళ్లు కావు. మొదటి 16 సెక్టార్లు, ఒక్కోటి 2048 బైట్లు, అంటే 32 కేబీ ప్రమాణం ప్రకారం ఖాళీగా వదిలేస్తారు. పెన్‌డ్రైవ్‌లో కూడా లేవడానికి ఆ ఖాళీలో ఎంబీఆర్ కోడు (డిస్క్ మొదట్లో ఉండి బూట్ మొదలుపెట్టేది) పెడతారు. 17వ నంబర్ సెక్టార్లో ఎల్ టొరీటో రికార్డు ఉంటుంది, బూట్ కేటలాగ్ ఎక్కడుందో అది చెబుతుంది, ఏ ఇమేజ్‌తో లేవాలో కేటలాగ్ చెబుతుంది. పైగా ఇప్పటి ఉబుంటులో యూఈఎఫ్ఐ ముక్క ఒక చిన్న ఫ్యాట్ పార్టిషన్. దాన్ని ఫైళ్లన్నీ అయ్యాక ఐఎస్ఓ చివర అతికిస్తారు. మౌంట్ చేసి ఎంత జాగ్రత్తగా కాపీ కొట్టినా అది మీ ఫోల్డర్లోకి రాదు, ఎందుకంటే అది ఫోల్డర్లో లేదు.

అందుకే విప్పి మళ్లీ కట్టడం మానెయ్యండి. ఎక్సారిసో అనే ప్రోగ్రామ్ ఉంది. పాత ఐఎస్ఓని చదివి, ఒక్క ఫైలు మార్చి, బూట్ సరంజామా అంతా ఉన్నదున్నట్టు కొత్త ఐఎస్ఓలో దించుతుంది:

ఎక్సారిసో -ఇన్‌డెవ్ పాత.ఐఎస్ఓ -అవుట్‌డెవ్ కొత్త.ఐఎస్ఓ -బూట్_ఇమేజ్ ఎనీ రీప్లే -మ్యాప్ ./గ్రబ్.సీఎఫ్‌జీ /బూట్/గ్రబ్/గ్రబ్.సీఎఫ్‌జీ

ప్రాణమంతా ఆ రీప్లేలో ఉంది. మ్యాప్ తర్వాత మొదటిది మీ దగ్గర ఉన్న మార్చిన ఫైలు, రెండోది ఐఎస్ఓలో దాని చోటు. మౌంట్ నుంచి కాపీ చేసుకున్న ఫైలు మీద కూడా రీడ్ ఓన్లీ ముద్ర ఉంటుంది, దానికి మాత్రం సీహెచ్‌మోడ్ పనిచేస్తుంది.

కొత్తకోడి
ఎల్ టొరీటో అంటే ఏంటి అన్నా, తినేదా?

టెర్మినల్_తాత
తినే చోటు. సీడీ నుంచి మెషీన్ లేపే ఈ పద్ధతిని 1995లో ఫీనిక్స్, ఐబీఎం కలిసి తెచ్చాయి. కాలిఫోర్నియాలో ఆ పేరుతో మెక్సికన్ రెస్టారెంట్ ఉంది, అక్కడ కూర్చుని దీని గీతలు గీశారని చెప్పుకుంటారు. మన దగ్గర చేసుంటే ఈపాటికి ‘పారడైజ్ బూట్ రికార్డు’ అనేవాళ్లం.

ఉప్మా_యూఎస్‌బీ
డబుల్ మసాలా బూట్ ఇమేజ్.

పాత_మౌస్
ఇంత తతంగం అక్కర్లేదు. ఐఎస్ఓలో ఫైళ్లు కంప్రెస్ అయి ఉండవు, టెక్స్ట్ ఉన్నదున్నట్టే ఉంటుంది. ‘క్వయట్ స్ప్లాష్’ అనే మాట ఇంగ్లీషులో స్పేస్‌తో కలిపి 12 అక్షరాలు. ‘నోమోడ్‌సెట్’ 9. వెనక మూడు స్పేస్‌లు పెడితే 12కి 12. పొడవు మారలేదు కాబట్టి ఎక్కడా ఒక్క సెక్టారు జరగదు. వెతికే కమాండ్ గ్రెప్‌కి -ఏబీఓ ఇస్తే ఆ మాట ఎన్నో బైటు దగ్గర ఉందో చెబుతుంది. బైట్లు రాసే డీడీ కమాండ్‌తో సరిగ్గా అక్కడికెళ్లి 12 బైట్లు రాసెయ్యడమే. పది సెకన్ల పని. 6 జీబీ ఫైల్ని మళ్లీ కట్టడం దేనికి?

సిద్దిపేట_సర్వర్
చేతివాటం బాగుంది గానీ కొత్తవాళ్లకు చెప్పే మందు కాదు మౌస్ గారూ. ఆ మాట మెనూలో ఒక ఎంట్రీలోనే ఉండదు, ఇంకొన్ని చోట్ల కూడా ఉంటుంది. ఏది ఏదో చూసుకోవాలి. పొడవు ఒక్క అక్షరం పెరిగినా పక్క డేటా మీద పడుతుంది.

కొత్తకోడి
నేను ఇప్పుడే మౌస్ అన్న చెప్పింది చేశా. 6 జీబీ ఫైలు 3 ఎంబీ అయ్యింది. ఇంత బాగా కంప్రెస్ అవుతుందా?

పాత_మౌస్
కన్వ్ ఈక్వల్స్ నోట్రంక్ పెట్టలేదు కదూ.

కొత్తకోడి
అదేంటి?

పాత_మౌస్
అది లేకపోతే నువ్వు రాసిన చోటు తర్వాత ఉన్నదంతా డీడీ కోసేస్తుంది. చెప్పాల్సింది, నాదే తప్పు. అది కాపీ అయి ఉంటే బాగుండు.

కొత్తకోడి
అసలుదే. హాస్టల్ వైఫైలో మళ్లీ దించాలి. రేపు పొద్దున కలుద్దాం.

టెర్మినల్_తాత
సిద్దిపేట అన్నదే నిజమైంది. పావుగంట కూడా పట్టలేదు.

డల్లాస్_గోదారి
ఎక్సారిసో వైపే నా ఓటు. ఫెడోరా, రాకీ లాంటి రెడ్ హ్యాట్ కుటుంబంలో ఇంకో గోతి ఉంది, ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా. మా ఆఫీసులో రాకీ 9 ఐఎస్ఓలో కిక్‌స్టార్ట్ ఫైలు (ఇన్‌స్టాలర్ అడిగేవాటికి ముందే జవాబులు రాసినది) పెట్టాలి. విప్పాను, పెట్టాను, కట్టాను. వాల్యూమ్ లేబుల్ దగ్గర మా టీమ్ పేరు పెట్టాను, ముద్దుగా ఉంటుందని. గ్రబ్ వచ్చింది, కెర్నల్ లోడయింది, ఆ తర్వాత బూట్ తొలి దశ చూసుకునే డ్రాకట్ చాలాసేపు ఎదురుచూసి ఎమర్జెన్సీ షెల్లో పడేసింది. కెర్నల్ లైన్లో ‘స్టేజ్2 (ఇన్‌స్టాలర్ అసలు భాగం) ఫలానా లేబుల్ ఉన్న డిస్క్‌లో ఉంది’ అని రాసుంటుంది, అది పాత లేబుల్ కోసం వెతుకుతోంది. నేను పేరు మార్చిన సంగతి దానికెవరు చెప్పారు. రాత్రి రెండింటికి తట్టింది నాకు.

లేబుల్ 32 అక్షరాలు దాటకూడదు. స్పేస్ ఉంటే కెర్నల్ లైన్లో దాన్ని బ్యాక్‌స్లాష్ ఎక్స్ 20 అని రాయాలి. ఇవన్నీ గుర్తుపెట్టుకోలేనివాళ్లు లోరాక్స్ ప్యాకేజీలో ఉన్న ఎంకేకేఎస్ఐఎస్ఓ వాడండి, కిక్‌స్టార్ట్ పెట్టడం కోసమే చేసిన ప్రోగ్రామ్ అది. ఇప్పుడు నేను చేతులతో కట్టడం మానేశాను.

రూట్_రాంబాబు
ఫెడోరా లైవ్‌లో మీడియా చెక్ కూడా ఫెయిలవుతుంది. ఐఎస్ఓ లోపల ఒక చోట ఎండీ5 (డేటా మారితే పట్టిచ్చే లెక్క) దాచి ఉంచుతారు. మార్చాక ఇంప్లాంట్ఐఎస్ఓఎండీ5 ఇంకోసారి కొట్టుకోవాలి.

ల్యాబ్_మాస్టారు
సిద్దిపేట గారు చెప్పింది చేశాను. మొదటిసారి అవుట్‌డెవ్ ఖాళీగా లేదని తిట్టింది. మొన్న నేను కట్టిన పనికిరాని కొత్త.ఐఎస్ఓ అక్కడే ఉంది. దాన్ని చెరిపేసి కొడితే నిమిషంలో అయిపోయింది. పెన్‌డ్రైవ్ పెట్టాను, లేచింది, నల్ల స్క్రీన్ లేదు!

కానీ లేచేటప్పుడు ‘చెక్ పూర్తయింది, 1 ఫైల్లో ఎర్రర్లు ఉన్నాయి, మీకు ఇబ్బందులు ఎదురవ్వచ్చు’ అని వచ్చింది. టెన్షన్ పడాలా? ఇన్‌స్టాల్ మొదలెట్టకుండా ఆపేశాను.

సిద్దిపేట_సర్వర్
ఆ ఒక్క ఫైలు మీరు మార్చిందే. ఐఎస్ఓలో ఎండీ5సమ్.టీఎక్స్‌టీ అని ఉంటుంది, అందులో ప్రతి ఫైలు లెక్కా రాసుంటుంది. ఉబుంటు 20.04 నుంచి డెస్క్‌టాప్ లేచేటప్పుడు తనంతట తానే సరిచూసుకుంటోంది. మార్చిన గ్రబ్.సీఎఫ్‌జీకి ఎండీ5సమ్ కొట్టి, ఆ టెక్స్ట్ ఫైల్లో ఆ లైను వరకు మార్చి, దానికీ ఇంకో మ్యాప్ ఇవ్వండి. వార్నింగ్ పోతుంది.

పాత_మౌస్
లేదా కెర్నల్ లైన్లో ఎఫ్ఎస్‌సీకే.మోడ్=స్కిప్ అని పెట్టండి. చెక్కే జరగదు, మెషీన్‌కి కొన్ని నిమిషాలు కలిసొస్తాయి.

సిద్దిపేట_సర్వర్
ఇక్కడ మాత్రం వద్దంటా. 32 మెషీన్లకు తిప్పే పెన్‌డ్రైవ్‌లు. ఏదో ఒకటి మధ్యలో పాడైతే చెక్ పట్టుకుంటుంది. లెక్క సరిచేసి చెక్ ఉంచండి.

కొత్తకోడి
ఐఎస్ఓ దిగింది (రాత్రి 3 దాకా). ఒక డౌటు. ఫైలు మార్చాం కదా, సంతకం లేనిదాన్ని లేవనివ్వని సెక్యూర్ బూట్ ఒప్పుకుంటుందా?

డల్లాస్_గోదారి
ఒప్పుకుంటుంది. ముందు లేచే షిమ్ అనే చిన్న ప్రోగ్రామ్ గ్రబ్ సంతకం చూస్తుంది, గ్రబ్ కెర్నల్ సంతకం చూస్తుంది. సీఎఫ్‌జీ మీద సంతకం ఉండదు, ఇనిట్‌ఆర్‌డీ (కెర్నల్‌తో పాటు లోడయ్యే తాత్కాలిక ఫైళ్ల మూట) మీద కూడా ఉండదు. గ్రబ్ ప్రోగ్రామ్ లాంటివో కెర్నలో మారిస్తేనే తలుపు వేస్తుంది. ఇది మనకు సుఖమే గానీ, ఆలోచిస్తే కొంచెం భయం కూడా. ఎవరో ఇచ్చిన ఐఎస్ఓని సెక్యూర్ బూట్ ఒప్పుకుంది కదా అని నమ్మకండి. అసలు సైటులో ఉన్న ఎస్‌హెచ్ఏ256తో సరిపోల్చుకోండి. మీరు మార్చుకున్నదానికి అది ఎలాగూ కలవదు, కాబట్టి మార్చడానికి ముందే చూసుకోవాలి.

టెర్మినల్_తాత
పెన్‌డ్రైవ్ పట్టుకుని మెషీన్ దగ్గరికి పరుగెత్తే ముందు క్యూఈఎంయూ అనే వర్చువల్ మెషీన్‌లో చూసుకోండి. చాలామంది సీడీరామ్ ఆప్షన్‌తో పెట్టి, లేచింది కదా అనుకుంటారు. అలా పెడితే ఎల్ టొరీటో దారి ఒక్కటే పరీక్షించినట్టు. పెన్‌డ్రైవ్ దారి వేరు, దానికి మొదటి 32 కేబీలో ఉన్న కోడు కావాలి. ఐఎస్ఓని డ్రైవ్ ఆప్షన్‌తో, ఫార్మాట్ రా అని చెప్పి హార్డ్ డిస్క్‌లా ఇంకోసారి లేపండి. ఓవీఎంఎఫ్ బయోస్ ఫైలు ఇచ్చి యూఈఎఫ్ఐలో మరోసారి. మూడూ లేస్తేనే పని అయినట్టు.

రూట్_రాంబాబు
మాస్టారూ, ఎలాగూ మార్చారు కదా, ఆటోఇన్‌స్టాల్ కూడా పెట్టేయండి. యూజర్‌నేమ్, టైమ్‌జోన్, కీబోర్డు అన్నీ ఫైల్లో రాసేస్తే ఎంటర్ కూడా కొట్టక్కర్లేదు.

సిద్దిపేట_సర్వర్
దానికైతే ఐఎస్ఓ ముట్టుకోవాల్సిన పని కూడా లేదు. ఇంకో చిన్న పెన్‌డ్రైవ్ ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసి సీఐడేటా అని లేబుల్ ఇచ్చి, అందులో యూజర్-డేటా, మెటా-డేటా అని రెండు ఫైళ్లు పెట్టండి. మెటా-డేటా ఖాళీగా ఉన్నా పర్లేదు, ఫైలు మాత్రం ఉండాలి. ఇన్‌స్టాలర్ దాన్ని వెతుక్కుంటుంది. కెర్నల్ లైన్లో ఆటోఇన్‌స్టాల్ అనే మాట లేకపోతే డిస్క్ చెరిపే ముందు ఒకసారి అడుగుతుంది, అంతే. అలా అడగడమే మంచిది. ఆ పెన్‌డ్రైవ్ ఎవరి ల్యాప్‌టాప్‌కో ఉండగా పొరపాటున లేచిందనుకోండి, ప్రిన్సిపాల్ గారి ఫైళ్లు గాల్లో కలుస్తాయి.

ఐఎస్ఓలోనే పెడతానంటే నా కథ వినండి. ఉబుంటు సర్వర్ 22.04. ఆ ఫైళ్లు ఎక్కడున్నాయో చెప్పడానికి డీఎస్=నోక్లౌడ్, తర్వాత సెమీకోలన్, తర్వాత ఎస్=/సీడీరామ్/నోక్లౌడ్/ అని కెర్నల్ లైన్లో పెట్టాను. లేచింది, కానీ నా ఫైలు ఊసే ఎత్తకుండా భాష ఎంచుకోమంది. మళ్లీ మళ్లీ కట్టాను. యూజర్-డేటా రాసే వైఏఎంఎల్‌లో స్పేస్‌లు లెక్కపెట్టాను, ట్యాబ్‌లేమైనా ఉన్నాయా అని చూశాను. చివరికి సిస్టమ్ లేచాక, కెర్నల్‌కి అందిన లైను చూపే /ప్రాక్/సీఎండీలైన్ చూస్తే నోక్లౌడ్ దగ్గరే లైను ఆగిపోయింది. గ్రబ్‌కి సెమీకోలన్ అంటే ‘ఈ కమాండ్ ఇక్కడితో అయిపోయింది’ అని. ముందు ఒక బ్యాక్‌స్లాష్ పెడితే సరిపోయింది. ఒక్క గీత కోసం ఒక ఆదివారం.

రూట్_రాంబాబు
యూజర్-డేటాలో పాస్‌వర్డ్ మామూలుగా రాసి, ఇన్‌స్టాల్ అయ్యాక లాగిన్ అవ్వక తల గోక్కున్న వాళ్లు చెయ్యెత్తండి. అక్కడ పెట్టాల్సింది పాస్‌వర్డ్ కాదు, దాని హ్యాష్, అంటే వెనక్కి తిప్పలేని గుప్తరూపం. ఓపెన్ఎస్ఎస్ఎల్ పాస్‌డబ్ల్యూడీ మైనస్ 6 కొడితే ఇస్తుంది.

ఉప్మా_యూఎస్‌బీ
✋

డల్లాస్_గోదారి
✋ పైగా అన్ని మెషీన్లకూ ఒకటే హోస్ట్‌నేమ్ వస్తుంది. మాకు ఒక వారం పాటు నెట్‌వర్క్‌లో అందరూ ‘నోడ్01’.

అక్షరమాల
కొంచెం పక్క ప్రశ్న. మా లైబ్రరీలో లైవ్ పెన్‌డ్రైవ్‌గానే వాడతాం, ఇన్‌స్టాల్ చెయ్యం. అందులో తెలుగు టైపింగ్ ముందే ఉండాలి. ఐబస్-ఎం17ఎన్ అనే టైపింగ్ ప్యాకేజీ, ఇంకొన్ని తెలుగు ఫాంట్లు. ఇది కూడా మ్యాప్‌తో అవుతుందా?

సిద్దిపేట_సర్వర్
అవ్వదండీ. గ్రబ్.సీఎఫ్‌జీ బయటే ఉంది కాబట్టి మ్యాప్‌తో అయింది. లైవ్‌లో కనబడే సిస్టమంతా స్క్వాష్‌ఎఫ్ఎస్ అనే మూటలో ఉంటుంది. అన్‌స్క్వాష్‌ఎఫ్ఎస్‌తో విప్పి, సీహెచ్‌రూట్‌తో ఆ విప్పిన సిస్టమ్ లోపలికి వెళ్లి ప్యాకేజీలు పెట్టి, ఎంకేస్క్వాష్‌ఎఫ్ఎస్‌తో మూటగట్టి, ఆ మూటని మ్యాప్ చెయ్యాలి. విప్పేటప్పుడు సుడో తప్పనిసరి, లేకపోతే ఫైళ్లన్నీ మీ యూజర్ పేరు మీదకొచ్చి సిస్టమ్ వింతగా ప్రవర్తిస్తుంది. అయితే 24.04 డెస్క్‌టాప్‌లో మూట ఒకటి కాదు, మినిమల్, దాని మీద స్టాండర్డ్, దాని మీద లైవ్ అని పొరలు. చేత్తో చెయ్యడం చిరాకు. క్యూబిక్ అని ప్రోగ్రామ్ ఉంది, ఉబుంటు ఐఎస్ఓలను మార్చడానికే చేసింది. సీహెచ్‌రూట్ టెర్మినల్ కూడా అదే తెరుస్తుంది.

టెర్మినల్_తాత
చేత్తో విప్పి కట్టేవాళ్లకు ఒక మాట. కాపీ చేసేటప్పుడు నక్షత్రం గుర్తు పెట్టి సీపీ కొట్టకండి. చుక్కతో మొదలయ్యే ఫోల్డర్లు రావు. ఉబుంటులో .డిస్క్ అని ఒకటుంది, ఇనిట్‌ఆర్‌డీలో ఉన్న యూయూఐడీ (గుర్తింపు నంబరు) అందులో ఉన్నదానితో కలిస్తేనే ఇది మన డిస్కే అనుకుంటుంది. అది లేక నా లైవ్ సీడీ తనను తానే గుర్తుపట్టక ‘లైవ్ మీడియా ఎక్కడ’ అని అడిగింది. నా వయసుకి నాకు రావాల్సిన జబ్బు దానికొచ్చింది.

అక్షరమాల
క్యూబిక్ పెట్టాను. టెర్మినల్ వచ్చింది, ఆప్ట్ కూడా పనిచేస్తోంది. ఎం17ఎన్‌లో తెలుగుకి ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, ఆపిల్ టైపింగ్ పద్ధతులన్నీ కనబడుతున్నాయి. మావాళ్లలో సగం మందికి ఆపిల్, సగం మందికి ఆర్‌టీఎస్. ఏది డిఫాల్ట్ పెట్టినా గొడవే.

టెర్మినల్_తాత
ఆ గొడవకు ఎక్సారిసో దగ్గర మందు లేదు.

ఉప్మా_యూఎస్‌బీ
ఇంతకీ వెంటాయ్ ఎవరూ చెప్పలేదేంటి? పెన్‌డ్రైవ్‌లో ఐఎస్ఓ ఫైల్ని మామూలుగా కాపీ చేసుకుని లేపడమే. ఆటోఇన్‌స్టాల్ ఫైళ్లు ఇవ్వడానికి ప్లగిన్ కూడా ఉంది.

సిద్దిపేట_సర్వర్
మొదటిసారి ఉప్మా పనికొచ్చే మాట చెప్పాడు. ఒకే పెన్‌డ్రైవ్‌లో నాలుగు రకాల ఐఎస్ఓలు పెట్టుకునేవాళ్లకు అదే మేలు. మాస్టారికి కావలసింది ఒకటే ఐఎస్ఓ, అందులో ఒకటే మాట. ఇప్పుడు చేసిందే సరి.

ల్యాబ్_మాస్టారు
శనివారం నలుగురు స్టూడెంట్లతో కూర్చుని కానిచ్చాం. ఐదు పెన్‌డ్రైవ్‌లు. ఎండీ5 లైను మార్చాక వార్నింగ్ పోయింది, టైమౌట్ 30 నుంచి 5కి తగ్గించాను. ఒక పెన్‌డ్రైవ్‌లో చెక్ నిజంగానే ఎర్రర్ చూపించింది, స్క్వాష్‌ఎఫ్ఎస్‌లో. సిద్దిపేట గారు స్కిప్ వద్దన్నది ఎంత మంచిదైంది. అది పక్కన పడేశాం.

32లో 31 అయ్యాయి. రీస్టార్ట్ చేశాక కూడా నల్ల స్క్రీన్ రాలేదు, ఆ మూడు గీతల మహిమ. మిగిలినదాంట్లో యూఎస్‌బీ పోర్టు ఒక్కటీ పనిచెయ్యట్లేదు, కీబోర్డు కూడా పాత గుండ్రటి పిన్నుదే. డీవీడీ డ్రైవ్ మాత్రం ఉంది.

పాత_మౌస్
అయితే డీవీడీకి కాల్చండి. దానికోసం పుట్టిందే కదా ఐఎస్ఓ.

టెర్మినల్_తాత
మామూలు డీవీడీలో 4.7 జీబీకి మించి పట్టదు, ఇదేమో 6. డబుల్ లేయర్ కావాలి, అది 8.5. లేదా హార్డ్ డిస్క్ విప్పి పక్క మెషీన్‌కి తగిలించి ఇన్‌స్టాల్ చెయ్యండి.

ల్యాబ్_మాస్టారు
హార్డ్ డిస్కే విప్పుతాను. ముందు డబుల్ లేయర్ కోసం బజార్లో ఫోటో స్టూడియోకి వెళ్లి అడిగాను. అతను నన్ను కిందికీ పైకీ చూసి, ‘పెళ్లి ఎప్పటిది సార్, క్యాసెట్ తెచ్చారా’ అన్నాడు.